నలభై మూడో పేజీ

"ఇవాళ కూడా ఈ పిల్ల బడి వదలకుండానే ఇంటికొచ్చేస్తుందేమోనండి అత్తయ్యగారూ" అంది నాగదుర్గ.

చిట్టెమ్మ తల ఎత్తలేదు. అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, కొబ్బరాకుల్లోంచి ఈనెలు చీరి చీపురికి పోగేస్తోంది.

"నువ్వే పిలిచేలా ఉన్నావు. వస్తే అప్పుడు చూద్దాం."

"మొన్న రాలేదాండి?"

"మొన్న ఆదివారం కదే. బళ్ళో పురుగు లేకపోతే రాక ఏం చేస్తుంది, గేటుకి పాఠం చెప్పి వస్తుందా?"

ఆ ఆదివారం తల్చుకుంటే నాగదుర్గకి ఇప్పటికీ మొహం కందిపోతుంది. పిల్ల బళ్ళో చేరింది ఈమధ్యే. అయిదేళ్ళుగా ఇంట్లోనే తల్లి దగ్గర చదివింది, ఆ చదువుకి సెలవంటే అమావాస్యే. ఆ రోజు మొగుడు శివశంకర్ పడవ చేపల వేటకి వెళ్ళదు. ఇంటినిండా వలలూ మనుషులూ ఉంటారు, పుస్తకం తెరిచే చోటుండదు. మిగతా రోజులన్నీ చదువే. అలవాటు కొద్దీ మొన్న కూతురికి తల దువ్వి, రెండు జడలు వేసి, రేవులో పడవెక్కించింది తనే. కుసుమ గోదారి దాటి, తాళం వేసిన గేటు దగ్గర గంటసేపు నిలబడి, "మాస్టార్లందరికీ ఒంట్లో బాగోలేనట్టుందమ్మా" అని తిరిగొచ్చింది.

"నూకయ్య నిన్నేం చెప్పేడో విన్నావా?" అంది చిట్టెమ్మ. నూకయ్య రేవు పడవ నడుపుతాడు. అవతలి గట్టున బడికి వెళ్ళే పిల్లలు పడవలో చెప్పుకునేవన్నీ సాయంత్రానికి ఈ అరుగు మీద దింపిపోతున్నాడు.

"వద్దండి. వింటే అన్నం సయించదు."

"హాజరు పిలిచేరంట. అందరూ 'ప్రజెంట్ సార్' అంటుంటే మనది లేచి, 'ఆయ్, వచ్చేనండి, అమ్మ రేవు దాకా వచ్చి వెనక్కెళ్ళింది, మీరు కాఫీ తాగేరా మాస్టారూ' అందంట."

"మర్యాదే కదండి."

"మర్యాదే. క్లాసంతా కడుపు పట్టుకుందంట."

నాగదుర్గ బియ్యంలో రాళ్ళేరుతూ ఉండిపోయింది. ఆమెకి తెలియనివి కావు. గంట కొట్టగానే లెక్కల మాస్టారు సుద్దముక్క కింద పెడితే, "ఆగండి మాస్టారూ, లెక్క సగంలో ఉంది" అని కుసుమ ఆయన్ని గుమ్మంలో నిలబెట్టేసింది. బడి పదింటికని చెబితే, "రేపు కూడా ఇదే టైమా అండీ? పోటు మారినా సరేనా?" అని అడిగింది. ఇంట్లో చదువు మొదలయ్యేది తండ్రి పడవ పోటు చూసుకుని కదిలాక. అది ఏ రోజూ ఒక టైముకి రాదు మరి.

ఇక తెలియని ప్రశ్న వస్తే అందరిలా తలొంచుకోదు. "నాకు తెలీదండి. మీకూ తెలీకపోతే ఇద్దరం చూద్దాం" అంటుంది. అది నాగదుర్గ మాటే. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన తల్లి, కూతురికి రోజూ ఒక్క పాఠం ముందు నడుస్తూ చెప్పిన చదువు అది. ముందురోజు చదివి అర్థంకానిచోట ఆ మాటే అనేది. ఆ మాట బళ్ళో మాస్టారి ముందు అంటే ఇంత నవ్వులపాలవుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

అన్నిటికీ మించి ఆ సంచి. కుసుమ పుస్తకాల సంచికి రెండు ఎండు కొబ్బరికాయలు తాడుతో కట్టి వేలాడుతుంటాయి. ఈత నేర్చుకునే పసిపిల్లల నడుముకి కట్టేవి. కుసుమకి ఈత రాక కాదు, లంకలో పుట్టిన పిల్ల, గోదాట్లో చేపలా తిరుగుతుంది. అయినా పడవ బోల్తాపడితే సంచి బరువుకి పిల్ల మునుగుతుందేమోనని నాగదుర్గ భయం. పిల్ల గట్టెక్కి బడివైపు నడుస్తుంటే ఆ కాయలు ఒకదానికొకటి తగిలి టకటకమంటాయి. ఆ చప్పుడు వింటే చాలు, పిల్లలు "ఇంటిబడి వస్తోందర్రా" అంటున్నారట.

ఆ టకటక ఇప్పుడు వినిపించింది.

చిట్టెమ్మ చేతిలో ఈనె ఆగిపోయింది. "పిలిచేవు కదా" అంది.

కుసుమ చెప్పులు చేత్తో పట్టుకుని, లంగా మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకుని పరుగున వచ్చింది. ఏడవడం లేదు. ఒగరుస్తోంది. తల్లిని దాటుకుని తిన్నగా గదిలోకి పోబోయింది.

"ఏమైందే? ఎవరేమన్నారు? దెబ్బ తగిలిందా? ఎవరైనా కొట్టేరా?" నాగదుర్గ చేట వదిలేసి లేచింది.

"ఏం కాలేదమ్మా. పుస్తకం కావాలి. ఏడో తరగతి సాంఘికం. మన పాతది."

"ఇప్పుడెందుకు?"

"మాస్టారికి చూపించాలి."

"బళ్ళోంచి లేచి వచ్చేసేవా? చెప్పి వచ్చేవా?"

"చెప్పే వచ్చేను. 'పుస్తకం తెస్తానండి, అందాకా ఇక్కడే ఉండండి' అన్నాను. ఆయన వెనకాల ఏదో అంటున్నారు గానీ, నూకయ్య బాబాయి పడవ తోసేస్తున్నాడని పరిగెత్తేను."

చిట్టెమ్మ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడేమో."

"నిలబడక్కర్లేదు మామ్మా, కుర్చీ ఉంది" అంది కుసుమ.

నాగదుర్గ గుమ్మం దగ్గరికి వచ్చింది. "ఏం చూపించాలి?"

కుసుమ గుమ్మం పట్టుకుని నిలబడి చెప్పింది. సాంఘికం మాస్టారు బుచ్చిరాజుగారు ఇవాళ తుఫానుల గురించి అడిగారు. సముద్రం పక్క ఊళ్ళవాళ్ళు ముందే ఏమేం జాగ్రత్తలు పడాలో చెప్పమన్నారు. కుసుమ లేచి నిలబడింది.

"మా ఊరికి అక్కర్లేదండి, వచ్చేసింది కదా అన్నాను. తుఫాను ఒకసారి వచ్చిన ఊరికి నూరేళ్ళ దాకా మళ్ళీ రాదండి అన్నాను. అందరూ నవ్వేరు. మాస్టారు ఎవరు చెప్పేరని అడిగేరు. పుస్తకంలో ఉందండి, నలభై మూడో పేజీ, కింద నుంచి నాలుగో లైను అన్నాను. అలాంటి లైను ఏ పుస్తకంలోనూ లేదమ్మా, కూర్చో అన్నారు."

"కూర్చోవలసింది" అంది నాగదుర్గ.

"తప్పు కనబడితే దిద్దకుండా కూర్చోకూడదని నువ్వే అన్నావు కదమ్మా. వాళ్ళు నవ్వినందుకు కాదు. మాస్టారు ఆ పాఠం సరిగ్గా చదువుకున్నట్టు లేరు. చూపిస్తే దిద్దుకుంటారు, మంచాయన."

పిల్ల గదిలోకి వెళ్ళింది. ట్రంకుపెట్టె మూత తెరుచుకున్న చప్పుడైంది.

నాగదుర్గ అత్తగారి వైపు చూసింది. అంతసేపూ నవ్వుతున్న చిట్టెమ్మ ఇప్పుడు నవ్వడం లేదు. ఆ నలభై మూడో పేజీ సంగతి ఆ ఇంట్లో కుసుమకి తప్ప అందరికీ తెలుసు.

*

తొంభై ఆరు నవంబరులో తుఫాను వచ్చినప్పుడు కుసుమకి తొమ్మిదేళ్ళు. బడి రేకులు ఎగిరిపోయాయి, ఇంటి ముందు చెట్లన్నీ ఒక్క వైపే పడుకున్నాయి. రేకులు వేసేదాకా పిల్ల ఇంట్లో ఉంటుందిలే అనుకున్నది నాగదుర్గ. రేకులు వేశారు. గోడ కట్టారు. ఆమెకే ధైర్యం రాలేదు.

ధైర్యం రాకపోవడానికి పిల్ల కూడా కారణమే. కాస్త గాలి వీస్తే చాలు, కోడినీ పిల్లల్నీ, పలకనీ, మామ్మ తమలపాకుల పెట్టెనీ మంచం కిందకి చేరేసుకుని కూర్చునేది. "మళ్ళీ ఎప్పుడొస్తుందమ్మా?" అని పొద్దుగూకితే అదే ప్రశ్న. అన్నం తినేది కాదు. ఒక రోజు విసిగి, భయపడి, నాగదుర్గ అనేసింది. "ఒకసారి వచ్చిన ఊరికి నూరేళ్ళ దాకా రాదు. పుస్తకంలో ఉంది." కుసుమ ఆ రోజు మంచం మీద పడుకుంది.

రెండేళ్ళ తర్వాత రాజోలులో పాత పుస్తకాల కొట్లో ఏడో తరగతి సాంఘికం కొన్నారు. ఎప్పటిలాగే ఒక పాఠం ముందు చదువుతూ నాగదుర్గ ఆ పేజీల దగ్గరికి వచ్చింది. ఈ తీరానికి తుఫానులు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటాయని ఉంది అందులో. ఆమె రెండు రోజులు పాఠం చెప్పలేదు. మూడో రోజు బ్లేడుతో ఆ నాలుగు కాగితాలూ కోసేసింది. వాటి చోట తన చేత్తో రాసిన నాలుగు కాగితాలు పెట్టి, మొగుడి వల దారంతో కుట్టేసింది. "చెమ్మకి అతుక్కుపోయాయి తల్లీ, విడదీసి ఎత్తి రాసేను" అని చెప్పింది.

పిల్ల నమ్మింది. అమ్మ అక్షరం అచ్చులా ఉంటుందని ముచ్చటపడింది కూడా.

*

రేవులోంచి వస్తున్న శివశంకర్‌కి పెరటి దగ్గరే ఎదురుపడింది నాగదుర్గ. భుజం మీద తడి వల, చేతిలో చేపల బుట్ట. ఆమె చెప్పింది విని బుట్ట కింద పెట్టాడు.

"అంతేనా? నీ మొహం చూసి ఇంకేంటో అనుకున్నాను. పిల్లకి ఏదో ఒకటి నేను సర్దిచెబుతానులే. ఇప్పుడు బడికి పంపకు."

"పంపకపోతే అదే ఈదుకుంటూ వెళ్తుంది. మీ కూతురు."

"అయితే పుస్తకం లేదను."

"చేతిలో పట్టుకుంది."

శివశంకర్ వల కిందకి దించి, కాసేపు దాని ముడులు చూశాడు. "హెడ్మాస్టారు ఏమన్నారో గుర్తుందా నీకు?"

గుర్తులేకేం. కుసుమకి టీసీ లేదు, ఏడో తరగతి పరీక్ష రాయలేదు. మాణిక్యాలరావుగారు నాగదుర్గ రాసిన పదకొండు నోటుపుస్తకాలూ ఓపిగ్గా తిరగేసి, "మీ అక్షరం నమ్మి తొమ్మిదిలో కూర్చోబెడుతున్నానమ్మా. వచ్చే శనివారం ఆఫీసుకి కాగితం పంపాలి. అందాకా చూద్దాం. నిలబడితే తొమ్మిది, లేకపోతే ఆరు" అన్నారు. ఆరో తరగతి అంటే పదేళ్ళ పిల్లల మధ్య, బల్లకి మోకాళ్ళు తగులుతూ ఈ పిల్ల. వారం తిరక్కుండా మానేస్తుంది. తండ్రికీ తెలుసు, తల్లికీ తెలుసు.

"ఇది బయటపడితే ఆ పదకొండు పుస్తకాలూ కూడా ఇలాంటివే అనుకోరా?" అన్నాడు శివశంకర్.

"అనుకుంటారు."

"పిల్ల ఏమనుకుంటుంది?"

నాగదుర్గ చేపల బుట్టని నీడలోకి జరిపింది.

"నువ్వు కూడా వెళ్ళు" అన్నాడు గొంతు తగ్గించి. "పుస్తకం నువ్వు పట్టుకో. పడవ మధ్యలో ఉండగా చెయ్యి జారిందను. గోదాట్లో పడినదాన్ని ఎవరూ పేజీ నంబరు అడగరు. పిల్ల కాస్త ఏడుస్తుంది. అయిపోతుంది."

"అలా ఎలా అంటారండి?"

"ఎలా అంటాను? దాన్ని తొమ్మిదిలో చూడాలని అంటున్నాను. నీకు లేదా?"

"ఉంది కనకే" అంది నాగదుర్గ.

కుసుమ పుస్తకం గుండెకి హత్తుకుని బయటికొచ్చింది. "అమ్మా, నువ్వూ రా. రాసింది నువ్వే కాబట్టి నువ్వు చెబితే ఇంకా బాగుంటుంది."

*

పడవలో వాళ్ళిద్దరూ, నూకయ్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ ఉన్నారు. నాగదుర్గ ఎక్కగానే అలవాటుగా మనుషుల్ని లెక్కపెట్టింది. అయిదుగురు. పడవ పట్టేది పన్నెండుమందిని. అయినా మళ్ళీ లెక్కపెట్టింది.

ఎండగా ఉంది. కుసుమ గొడుగు విప్పి, పుస్తకం తల్లి ఒళ్ళో పెట్టింది. "పట్టుకో. నీకు గొడుగు పడతాను."

నాగదుర్గ పుస్తకం మీద రెండు చేతులూ వేసింది. అట్ట మీద పాత నూనె మరకలు. కుట్టు దగ్గర వల దారం ముడి వేలికి తగులుతోంది. అది శివశంకర్ వేసే ముడి, తడిసినకొద్దీ బిగుస్తుంది.

పడవ నడిమధ్యకి వచ్చింది. నూకయ్య గెడ పైకి లాగి తెడ్డు అందుకున్నాడు. అక్కడ గెడకి నేల అందదు.

"ఏం చెల్లెమ్మా, బడికి నువ్వు కూడా చేరుతున్నావా?" అన్నాడు.

ఆడవాళ్ళు నవ్వారు. కుసుమ కూడా నవ్వింది.

నాగదుర్గ చేతులు పడవ అంచు మీదకి వెళ్ళాయి. పుస్తకం అంచు మీద ఆగింది. కింద నీళ్ళు మట్టిరంగులో, తొందరేం లేనట్టు పోతున్నాయి. ఒక్క వేలు వదిలితే చాలు. పిల్ల తొమ్మిదిలోనే ఉంటుంది. అమ్మ అక్షరం అచ్చులానే ఉంటుంది.

"జాగ్రత్తమ్మా" అంది కుసుమ. "అది పడితే నేను దూకి తెస్తాను గానీ, పేజీలు మళ్ళీ అతుక్కుపోతాయి. పాపం నువ్వు మళ్ళీ ఎత్తి రాయాలి."

నాగదుర్గ పుస్తకాన్ని వెనక్కి తీసుకుని, పమిటలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుంది. అవతలి గట్టు వచ్చేదాకా చేతులు తియ్యలేదు.

*

హెడ్మాస్టారి గదిలో మాణిక్యాలరావుగారూ బుచ్చిరాజుగారూ ఉన్నారు. ఇద్దరూ కుసుమ కోసమే కూర్చున్నట్టున్నారు. కుసుమ వాళ్ళకి నమస్కారం పెట్టి, మూలనున్న స్టూలు తెచ్చి తల్లికి వేసింది. తర్వాత అటూ ఇటూ చూసి, కూజాలోంచి గ్లాసులో నీళ్ళు వంచి హెడ్మాస్టారి ముందు పెట్టింది.

"ఇది మీ ఇల్లు కాదమ్మా" అన్నారు మాణిక్యాలరావుగారు. కోపంగా అనలేదు.

"ఆయ్. మా ఇంట్లో అయితే మజ్జిగ ఇద్దునండి."

బుచ్చిరాజుగారు దగ్గారు. అది నవ్వో దగ్గో తెలియలేదు.

కుసుమ పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. "ఇదిగోండి మాస్టారూ. నలభై మూడు. కింద నుంచి నాలుగో లైను."

బుచ్చిరాజుగారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. పేజీ వెనక్కి తిప్పారు, ముందుకి తిప్పారు. "ఇది చేతిరాత కదమ్మా."

"మా అమ్మదండి. అసలు కాగితాలు చెమ్మకి పాడైపోతే చూసి ఎత్తి రాసిందండి. ఒక్క కొట్టివేత కూడా లేదు చూడండి."

ఆయన నాగదుర్గ వైపు చూశారు. ఆమె తలొంచుకుని ఉంది. ఆ తల చూసి ఆయనకి ఏదో అర్థమైంది. నిదానంగా పుస్తకం మూశారు.

"పాత ముద్రణ అయి ఉంటుందండి" అన్నారు హెడ్మాస్టారితో. "ఆ రోజుల్లో ఏవో అచ్చుతప్పులు ఉండేవి. ఈవిడ చూసింది చూసినట్టు రాసినట్టున్నారు. ఇందులో పిల్ల తప్పేం లేదు. వదిలేద్దాం."

మాణిక్యాలరావుగారు తలూపారు. "అంతేనా అమ్మా?"

ఔననడానికి ఆయ్ అంటే సరిపోతుంది. రెండక్షరాలు. నాగదుర్గ కుసుమని చూసింది. ఆ పిల్ల మొహంలో గెలిచిన గర్వం కూడా లేదు. మాస్టారు దిద్దుకున్నారన్న తృప్తి మాత్రమే ఉంది. రేపు మళ్ళీ ఎక్కడో లేచి నిలబడుతుంది, అమ్మ రాసిందని చెబుతుంది. ఎల్లుండి ఇంకెక్కడో. ఏ రోజో గాలి లేస్తే, మా ఊరికి అక్కర్లేదండి అని ఇంట్లో కూర్చుంటుంది.

నాగదుర్గ స్టూలు మీంచి లేచింది.

"కాదండి. అచ్చుతప్పు కాదు. నేనే కోసేనండి."

బుచ్చిరాజుగారు మూసిన పుస్తకాన్ని మళ్ళీ తెరిచారు.

"పాఠం బాగానే ఉందండి పుస్తకంలో. నాలుగు కాగితాలూ బ్లేడుతో కోసేసి, నేను కల్పించి రాసేను. పిల్ల అప్పట్లో గాలి వీస్తే మంచం కింద దూరేదండి. అన్నం తినేది కాదు. మళ్ళీ రాదని చెప్పేను. పుస్తకంలో ఉందన్నాను. ఆ తర్వాత నిజంగా పుస్తకం వచ్చింది. అందుకని..." ఆమె ఆగింది. "పిల్ల చూడలేదండి. దానికి తెలీదు."

నాగదుర్గ కూతురి వైపు చూడలేదు. చూస్తే మిగతాది చెప్పలేనని తెలుసు.

మాణిక్యాలరావుగారు కుసుమ పెట్టిన నీళ్ళ గ్లాసు పక్కకి జరిపారు. "మీ అక్షరం నమ్మి కూర్చోబెట్టేనమ్మా ఈ పిల్లని."

"ఆయ్."

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి ఆ పదకొండు పుస్తకాల్లో?"

"ఇదొక్కటేనండి."

"ఎలా నమ్మమంటారు?"

"నన్ను నమ్మద్దండి" అంది నాగదుర్గ. "నేను ఎనిమిది చదివి ఆపేసినదాన్ని. నా అక్షరం పక్కన పెట్టేయండి. దానిది చూడండి. శనివారం పొద్దున పరీక్ష పెట్టండి. ఆరూ, ఏడూ, ఎనిమిదీ. బళ్ళో ఉన్న పుస్తకం ఏది తెరిచినా సరే, ఏ పేజీ అయినా సరే. ఈ నాలుగు కాగితాలు కూడా కలిపి అడగండి, ఈలోపు అసలు పాఠం చదివిస్తాను. నిలబడలేకపోతే నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆరులో కూర్చోబెడతాను. మానిపించను. ఈసారి మాత్రం మానిపించనండి."

మాణిక్యాలరావుగారు బుచ్చిరాజుగారి వైపు చూశారు. ఆయన బీరువా తెరిచి, ఏడో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకం ఒకటి తీసి బల్ల మీద పెట్టారు.

"శనివారం పదింటికి" అన్నారు హెడ్మాస్టారు. "మూడు గంటల పరీక్ష. మీరు ఉండకూడదు. కిటికీ దగ్గరా ఉండకూడదు, గేటు దగ్గరా ఉండకూడదు."

"అవతలి గట్టునే ఉంటానండి."

"పిల్ల ఒప్పుకోవాలి కదా మరి" అన్నారాయన. "ఏమ్మా కుసుమా? రాస్తావా?"

కుసుమ పలకలేదు.

అడిగినదానికి ఆ పిల్ల పలకకపోవడం ఆ బడిలో అదే మొదటిసారి. ఆమె స్టూలు తీసుకెళ్ళి మూలలో ఎక్కడిదక్కడ పెట్టింది. బల్ల మీది రెండు పుస్తకాలూ సంచిలో పెట్టుకుంది. బుచ్చిరాజుగారి దగ్గరికి వెళ్ళి, "మీరు చదువుకున్నదే సరైనదండి మాస్టారూ. అందరి ముందూ మీ మాట కాదన్నాను. రేపు అందరి ముందూ చెబుతాను" అంది.

తల్లితో ఏమీ అనలేదు.

*

రేవు దాకా ఇద్దరూ ముందూ వెనకా నడిచారు. సంచికి కట్టిన కాయలు టకటకమంటున్నాయి.

"దాహంగా ఉందా?" అని అడిగింది నాగదుర్గ.

కుసుమ సంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"పొద్దున్న ఏం తినలేదు. రేవులో అరటిపళ్ళు కొననా?"

కుసుమ అడుగుల వేగం పెంచింది.

"తిట్టు పోనీ. తిడితే పడతాను."

కుసుమ పడవెక్కి, తల్లికి చెయ్యి అందించి ఎక్కించి, మళ్ళీ చెయ్యి తీసేసుకుంది. గొడుగు విప్పి తల్లి మీదకి పట్టింది. ఎప్పటిలాగే పట్టింది. అదే నాగదుర్గకి తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

నూకయ్య ఇద్దరి మొహాలూ చూసి, తెడ్డు మీదే ధ్యాస పెట్టాడు. ఈ సాయంత్రం అరుగు మీద దింపడానికి అతనికేం దొరకలేదు.

పడవ నడిమధ్యకి వచ్చాక కుసుమ గొడుగు తల్లి చేతికిచ్చింది. సంచి ఒళ్ళోకి లాక్కుంది. కొబ్బరికాయల తాడు ముడి పళ్ళతో వదులు చేసి, విప్పింది. రెండు కాయలనూ తీసి తల్లి ఒళ్ళో పెట్టింది. నీళ్ళలో పడెయ్యలేదు. ఒళ్ళోనే పెట్టింది.

నాగదుర్గ వాటిని అలాగే పట్టుకుని కూర్చుంది.

ఇవతలి గట్టున దిగేసరికి ఎండ మెత్తబడింది. శివశంకర్ రేవు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కూతురి సంచి చూశాడు, భార్య చేతుల్లో కాయలు చూశాడు. లేచి నిలబడ్డాడు.

కుసుమ రెండు మెట్లెక్కి ఆగింది. సంచిలోంచి బుచ్చిరాజుగారిచ్చిన పుస్తకం తీసింది. నిలబడే పేజీలు తిప్పింది. నలభై మూడు దగ్గర ఆగింది. అచ్చులో ఉన్న ఆ పేజీని వేలు పెట్టి కింద దాకా చూసుకుంటూ పోయింది. లైన్లు లెక్కపెడుతోంది. అచ్చయిన ఆ పేజీ చూడటం ఆమెకి అదే మొదలు.

నైరుతి గాలి లేచి పేజీ ఎగరబోయింది. అరచేత్తో అదిమింది.

"అమ్మా" అంది, తల తిప్పకుండానే. బడి దగ్గర్నుంచి ఇప్పటిదాకా అన్న మొదటి మాట. "ఇందులో ఉన్నది తర్వాత చదువుతాను. ముందు నువ్వు చెప్పు. మళ్ళీ వస్తుందా?"

నాగదుర్గ కింది మెట్టు మీద నిలబడిపోయింది.

నాకూ తెలీదు, ఇద్దరం చూద్దాం అనవచ్చు. అయిదేళ్ళుగా తెలియనివాటికి అదే జవాబు. కానీ ఇది ఆమెకి తెలిసినదే.

నూకయ్య పడవని గుంజకి కట్టేసి, తాడు లాగి చూసుకున్నాడు. శివశంకర్ భార్య వైపు చూసి తల అడ్డంగా ఊపబోయి, మానుకున్నాడు. అరుగు మీంచి చిట్టెమ్మ, "వచ్చేరా? ఏమైందే?" అని కేక వేసింది. గాలికి కొబ్బరాకులు ఒక్కసారి గలగలమని, మళ్ళీ సద్దుమణిగాయి. కుసుమ పేజీ మీద చెయ్యి తియ్యలేదు, వెనక్కి తిరగలేదు, రెండోసారి అడగలేదు.

నాగదుర్గ చేతుల్లోని కాయల్ని మెట్టు మీద పెట్టింది. కూతురు నిలబడ్డ మెట్టు దాకా ఎక్కింది.

"వస్తుంది" అంది.